కళ్లం దగ్గర వరస

కంపెనీ మునిగిపోయాక మిగిలిన డబ్బు ఎవరికి ముందు, ఎవరికి తరవాత అని చెప్పే 53వ సెక్షన్, 2016 నాటి దివాలా స్మృతిలో రెండు పేజీలు కూడా పట్టదు. వకీళ్లు దాన్ని అవసరం కొద్దీ చదువుతారు. బ్యాంకుల వాళ్లు ఆశ కొద్దీ చదువుతారు. పనితనం చూడ్డానికి చదివేవాళ్లు అరుదు. నేను ఆ మూడో రకం.

ఇంగ్లీషు లాయర్లు ఈ వరసని జలపాతం అంటారు. పై మడుగు నిండితేనే కింది మడుగుకి నీళ్లు. గోదావరి డెల్టాలో పుట్టినవాడికి మాత్రం కళ్లం గుర్తొస్తుంది. రాశి పోశాక ముందు కోత కూలి, నూర్పిడి కూలి కొలిచేవారు. కమ్మరి, కుమ్మరి, చాకలి మేరలు పక్కన పెట్టేవారు. కౌలు, షావుకారు అప్పు పోగా మిగిలింది రైతు ఇంటికి. పంట బాగా పండిన ఏడు ఆ వరస ఎవరూ పట్టించుకోరు. తాలు మిగిలిన ఏడు మాత్రం, కుంచం ముందు ఎవరి వైపు తిరిగిందన్నదే లెక్క.

టి.కె. విశ్వనాథన్ అధ్యక్షుడిగా ఉన్న దివాలా చట్ట సంస్కరణల కమిటీ 2015 నవంబరులో తన నివేదికతో పాటు ముసాయిదా బిల్లు కూడా ఇచ్చింది. మరుసటి ఏడు మే నెలలో పార్లమెంటు చట్టం చేసింది. మన కోస్తాలో ‘ఐపీ పెట్టాడు’ అనగానే మనసులో మెదిలే వ్యవహారం వేరు. అది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద, మనిషి సబ్‌కోర్టుకి వెళ్లి చేతులెత్తేయడం. కంపెనీ చేతులెత్తేస్తే వెళ్లేది కంపెనీ లా ట్రైబ్యునల్‌కి.

కడియంలో కూర్చుని దీన్ని చదవడానికి కారణం ఉంది. మొక్కల ఊరని పేరే గానీ, ఈ మండలంలో పెద్ద గ్యాస్ విద్యుత్ కేంద్రాలున్నాయి. సంస్కరణల తరవాత దేశంలో మొదటగా వచ్చిన ప్రైవేటు విద్యుత్ ప్రాజెక్టుల్లో జేగురుపాడులోని జీవీకే కేంద్రం ఒకటి. 216 మెగావాట్ల ఆ మొదటి దశ ప్లాంటుని 2016లో రాష్ట్ర డిస్కంలు కొనుక్కున్నాయి. గ్రూపులో పెద్ద కంపెనీ జీవీకే పవర్ అండ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్‌ని మాత్రం 2024 జులైలో, ఐసీఐసీఐ బ్యాంకు పిటిషన్ మీద, హైదరాబాదు ట్రైబ్యునల్ దివాలా ప్రక్రియలోకి లాగింది. జేగురుపాడు కరెంటుకీ ఆ కేసుకీ సంబంధం లేదు. ఆస్ట్రేలియా బొగ్గు గనుల కోసం సింగపూరు కంపెనీ చేసిన అప్పుకి ఇచ్చిన హామీ మెడకి చుట్టుకుంది. వేమగిరిలో జీఎంఆర్ కట్టిన 768 మెగావాట్ల ప్లాంటుకి కేజీ బేసిన్ గ్యాస్ అందకపోతే, 2016లో అప్పిచ్చిన బ్యాంకులే 55 శాతం వాటా తీసుకున్నాయి. దాని వ్యవహారం ట్రైబ్యునల్ బయటే సర్దుబాటైంది.

ఇవి పెద్దవాళ్ల సంగతులు. కడియపులంక, బుర్రిలంక, వేమగిరి, జేగురుపాడు నర్సరీల వాళ్లకి తగిలే దెబ్బ వేరే దారిలో వస్తుంది. మొక్కలు కొనేది ఇంటి ముందు నాలుగు కుండీలు పెట్టుకునేవాళ్లే అయితే గొడవ లేదు. అసలు సరుకు పోయేది వెంచర్లకి, హోటళ్లకి, మాల్స్‌కి, హైవే డివైడర్లకి. లోడింగప్పుడు కొంత అడ్వాన్సు, మిగతాది బిల్లు పాసయ్యాక. ఆ ‘బిల్లు పాసయ్యాక’ లోపల కొనుగోలు కంపెనీ దివాలా తీస్తే, నర్సరీ యజమాని చట్టం భాషలో ఆపరేషనల్ క్రెడిటర్ అయిపోతాడు. సిమెంటు ఇచ్చినవాడు, క్యాంటీను నడిపినవాడు, లారీలు తిప్పినవాడు, అందరూ అదే గంపలో ఉంటారు.

ఇక సెక్షన్. మొదటి మాటలోనే పని పెద్దది. పార్లమెంటుగానీ రాష్ట్ర శాసనసభగానీ చేసిన ఏ ఇతర చట్టంలో ఏమున్నా సరే, అని తలుపు మూసేసి మొదలవుతుంది. తరవాత మెట్లు. మొదట దివాలా ప్రక్రియ ఖర్చులు, లిక్విడేషన్ ఖర్చులు, పూర్తిగా. రెండో మెట్టు మీద ఇద్దరు: కార్మికుల 24 నెలల బకాయిలు, తమ తాకట్టుని వదులుకుని ఉమ్మడి రాశిలో కలిపిన బ్యాంకులు. మూడోది కార్మికులు కాని ఉద్యోగుల 12 నెలల జీతాలు. నాలుగోది తాకట్టు లేని ఆర్థిక రుణాలు. అయిదో మెట్టు మీద రెండేళ్ల ప్రభుత్వ బకాయిలు, తాకట్టు అమ్ముకున్నా తీరని బ్యాంకు శేషం. ఆరో మెట్టు ‘మిగిలిన అప్పులు’. నర్సరీ బిల్లు అక్కడ. ఆ కిందే ప్రిఫరెన్స్ వాటాదారులు, ఆఖరున మామూలు వాటాదారులు.

ప్రభుత్వాన్ని అయిదో మెట్టుకి దించడం ఈ రచనలో అన్నిటికన్నా ధైర్యమైన పని. 1956 కంపెనీల చట్టంలో పన్నులకి ముందువరస ఉండేది. ఏ ప్రభుత్వమైనా తన బిల్లులో తన కుర్చీ తనే వెనక్కి జరుపుకోవడం తరచూ చూసే సంగతి కాదు. తరవాత కోర్టు చెయ్యి వణికినట్టుంది. 2022 సెప్టెంబరులో రెయిన్‌బో పేపర్స్ కేసులో సుప్రీంకోర్టు గుజరాత్ వ్యాట్ బకాయిని తాకట్టు ఉన్న అప్పుతో సమానం చేసింది. రాసినవాళ్లు దించిన కుర్చీని వ్యాఖ్యానం మళ్లీ పైకెత్తింది.

రెండో మెట్టు కథ వేరు. ఒకప్పుడు బ్యాంకు తన తాకట్టు తను పట్టుకుపోతే మిగిలిన ఎముకల దగ్గర కార్మికుడు నిలబడేవాడు. కంపెనీ మూసివేత విచారణలో కార్మికుడి మాట అసలు వినాలా అన్నదే 1980ల మొదట్లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాకా వెళ్లింది. వినాలని మెజారిటీ న్యాయమూర్తులు చెప్పారు. 1985లో కంపెనీల చట్టంలో 529ఎ అనే కొత్త సెక్షన్ చేర్చి కార్మికుడిని బ్యాంకు పక్కన కూర్చోబెట్టారు. 53 ఆ కూర్చోబెట్టడాన్ని నిలుపుకుంది. అయితే సమానం అంటే ఏమిటో కూడా కిందనే వివరణలో రాసింది: ఒకే మెట్టు మీద ఉన్నవాళ్లకి డబ్బు చాలకపోతే అందరికీ ఒకే నిష్పత్తిలో పంచాలి. ఆ మెట్టు మీది వాళ్లు తమలో తాము వేరే ఒప్పందం రాసుకున్నా లిక్విడేటర్ దాన్ని లెక్కచేయకూడదు. పక్కదారిన జేబులో పెట్టే చీటీలకి చోటు లేకుండా బిగించారు.

నిష్పత్తి అంటే ఏమవుతుందో ఊహలెక్క ఒకటి వేసి చూద్దాం. అమ్మగా వచ్చింది 100 కోట్లు. ఖర్చులు 8 కోట్లు. మిగిలిన 92 కోట్ల కోసం రెండో మెట్టు మీద కార్మికుల బకాయి 6 కోట్లు, బ్యాంకుల బకాయి 300 కోట్లు. రూపాయికి ముప్ఫై పైసలు. కార్మికులకి కోటీ ఎనభై లక్షలు, బ్యాంకులకి 90 కోట్ల పైచిలుకు. కార్మికుడికి దక్కిన గౌరవం నిజమే, పక్కనున్న ఏనుగుతో సమానంగా పస్తుండే గౌరవం. మూడో మెట్టు మీది మేనేజరుకి పైసా రాదు. ఆరో మెట్టు మాట ఎత్తక్కర్లేదు.

24 నెలల్ని ఏ రోజు నుంచి వెనక్కి కొలుస్తారన్నది ఇంకో నాజూకైన చోటు. లిక్విడేషన్ మొదలైన రోజు నుంచి. కేసు ట్రైబ్యునల్లో పడింది మొదలు లిక్విడేషన్ దాకా రెండేళ్లు సాగిందనుకోండి. అంతకు ముందు రెండేళ్లు జీతం రాని కార్మికుడి అసలు బకాయి ఆ కొలబద్ద దాటి వెనక్కి పడిపోయి ఆరో మెట్టుకి జారుతుంది. మధ్యలో ప్రక్రియ నడుస్తుండగా నిజంగా పని చేసినవాడి జీతమే ప్రక్రియ ఖర్చు కింద మొదటి మెట్టుకి ఎక్కుతుందని ఏబీజీ షిప్‌యార్డ్ కేసులో 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. గేటు మూసి ఉంటే పని చేసేదెక్కడ? ఇక్కడ రాసినవాళ్లు కాలాన్ని కొలిచారు గానీ ట్రైబ్యునల్ ఆలస్యాన్ని కొలవలేదు. కాంట్రాక్టు కూలీల విషయం ఇంకా పలచన. వాళ్లని పెట్టుకున్న కాంట్రాక్టరు బిల్లు ఆరో మెట్టు మీద ఉంటే, వాళ్ల కూలి ఆ బిల్లు లోపల ఉంటుంది.

సరఫరాదారుడి దగ్గరికి వద్దాం. కంపెనీని కదిలించే హక్కు అతనికి పేరుకి ఉంది: నోటీసు ఇవ్వాలి, పది రోజులు ఆగాలి, ట్రైబ్యునల్‌కి వెళ్లాలి. కానీ బాకీ కనీసం కోటి ఉండాలి. మొదట లక్షగా ఉన్న ఆ గడపని 2020 మార్చిలో, కరోనా లాక్‌డౌన్ ప్రకటించిన రోజే, కోటికి ఎత్తారు. పన్నెండు లక్షల రూపాయల మొక్కలు పంపిన నర్సరీ ఆ తలుపు తట్టలేదు. వేరెవరో తట్టి తెరిపిస్తే, పత్రికల్లో ప్రకటన చూసి, బిల్లులు, లారీ రసీదులు, బ్యాంకు ఖాతా నకళ్లు జతచేసి ఫారం-బి పంపుకోవాలి. ఆ ప్రకటన ఏ మూల పేజీలో వస్తుందో చూసే తీరిక చాలామందికి ఉండదు. కంపెనీ భవిష్యత్తు తేల్చే కమిటీలో ఓటు అప్పిచ్చిన ఆర్థిక సంస్థలది. మొత్తం అప్పులో పదో వంతుకి తగ్గకుండా బాకీ ఉంటే సరఫరాదారులు లోపల కూర్చుని వినొచ్చు, చెయ్యెత్తడానికి లేదు. ఈ తేడా న్యాయమేనా అని అడిగితే 2019 జనవరిలో స్విస్ రిబ్బన్స్ తీర్పులో సుప్రీంకోర్టు న్యాయమేనంది. అప్పిచ్చేవాడు మొదటి నుంచీ కంపెనీ బతికి బట్టకడుతుందా అని చూస్తాడు, సరుకిచ్చేవాడు తన బాకీ వరకే చూస్తాడు అన్నది కోర్టు చెప్పిన కారణం. కాకపోతే ఊళ్లో ఏ కంపెనీ కళ్లు తేలేస్తుందో బ్యాంకు మేనేజరు కన్నా ముందు క్యాంటీనుకి కూరగాయలు వేసేవాడికే తెలుస్తుంది.

కంపెనీని ఎవరైనా కొనుక్కుని నడిపే పథకం వచ్చినా, సరఫరాదారుడికి కనీసం లిక్విడేషన్లో వచ్చేంత ఇవ్వాలని చట్టం. ఆ అంతని అప్పిచ్చిన ఆర్థిక సంస్థల కన్నా ముందు చెల్లించాలని నిబంధన. లిక్విడేషన్లో వచ్చేది సున్నా అయితే సున్నాని అందరికన్నా ముందు చెల్లిస్తారన్నమాట! దేశంలో ఈ చట్టం కింద ఆమోదం పొందిన తొలి పథకం మన విశాఖపట్నం చక్రాల కంపెనీ సినర్జీస్-డూరే ఆటోమోటివ్‌ది. 2017 ఆగస్టు 2న హైదరాబాదు ట్రైబ్యునల్ ఆమోదించింది. 972 కోట్ల బాకీలో అప్పిచ్చినవాళ్లకి దక్కింది 54 కోట్లు. పై మెట్టు మీదివాళ్లకే అంతైతే కింది మెట్లు ఎంత పొడిగా ఉంటాయో చెప్పక్కర్లేదు. మొక్కలకి జీఎస్టీ లేదు కనక నర్సరీ వాళ్లకి ఒక బాధ తప్పింది. మిగతా సరఫరాదారులు రాని సొమ్ము మీద కూడా పన్ను ముందే కట్టేసి ఉంటారు.

ఇంత చెప్పాక 53ని గొప్ప పనితనం అంటున్నానేమిటి అని అనుమానం రావచ్చు. బిగువు దాంట్లో ఉంది. కానీ నన్ను కట్టిపడేసింది 53 కాదు, దానికి పదిహేడు సెక్షన్ల ముందు ఉన్న 36. లిక్విడేటర్ చేతికొచ్చే రాశి ఏమిటో అది చెబుతుంది. నాలుగో ఉపసెక్షన్లో, ఆ రాశిలో కలవనివి ఏమిటో చెబుతుంది. కంపెనీ చేతిలో ఉన్నా కంపెనీది కాని ఆస్తి అని ఒక పద్దు పెట్టి, దాని కింద ఇతరుల కోసం ట్రస్టుగా పట్టుకున్నవి, దాచమని ఇచ్చినవి అని చెబుతూ, ఆ వరసలో మూడోదిగా ప్రావిడెంట్ ఫండ్, పెన్షన్ ఫండ్, గ్రాట్యుటీ ఫండ్ నుంచి కార్మికుడికి గానీ ఉద్యోగికి గానీ రావలసిన మొత్తం అంతా అని రాశారు.

ఎక్కడ పెట్టారో చూడండి. రిటైరైనవాడికి ముందు మెట్టు ఇవ్వొచ్చు, 24 నెలల బదులు 60 అనొచ్చు. అలా చేస్తే అతను బ్యాంకుల పక్కన నిలబడి రూపాయికి ముప్ఫై పైసలు పుచ్చుకునేవాడు. రాసినవాళ్లు అతన్ని వరసలోనే నిలబెట్టలేదు. అతని సొమ్ముని పరాయి ఆస్తి అనేశారు. కళ్లంలో పక్కవాడి బస్తా పొరపాటున మన రాశి పక్కన ఉంటే దాన్ని పంచరు గదా, ఎత్తి ఇచ్చేస్తారు. నెలల లెక్క లేదు, కార్మికుడా మేనేజరా అన్న తేడా లేదు. 53లో విడదీసిన ఇద్దరినీ ఈ ఒక్క మాటలో మళ్లీ కలిపేశారు. మోసర్ బేర్ కార్మికుల కేసులో 2019లో అప్పీలు ట్రైబ్యునల్ ఈ మాటకి ఉన్న బలాన్ని స్టేట్ బ్యాంకుకి గుర్తుచేసింది.

ఈ కట్టుదిట్టం విలువ తెలియాలంటే అది లేని చోట ఏమైందో చూడాలి. 1963 డిసెంబరులో అమెరికాలో స్టూడ్‌బేకర్ కార్ల కంపెనీ సౌత్‌బెండ్ ఫ్యాక్టరీ మూసేసింది. పెన్షన్ ఫండ్‌లో సొమ్ము చాల్లేదు. అరవై దాటినవాళ్లకి పూర్తిగా ఇచ్చారు. నలభై, అరవై మధ్య వయసున్న నాలుగు వేల మంది చేతికి రావలసినదాంట్లో దాదాపు పదిహేను శాతం వచ్చింది. ఇంకా చిన్నవాళ్లకి ఏమీ లేదు. 1974లో అక్కడ పెన్షన్లకి చట్టం, దానికో బీమా సంస్థ రావడానికి ఆ కథే పెద్ద ప్రేరణ. మన దగ్గర ఉద్యోగుల పెన్షన్ పథకం (ఈపీఎస్) సొమ్ము కంపెనీ ఖాతాలో ఉండదు, ప్రావిడెంట్ ఫండ్ సంస్థ చేతిలో ఉంటుంది. అందుకే మూతపడిన మిల్లుల వాళ్లకి కూడా నెలనెలా పడుతుంది. 2014 నుంచీ కనీసం వెయ్యి రూపాయలన్న ఆ మొత్తం చూస్తే మాత్రం మెచ్చుకోలు గొంతులో ఆగిపోతుంది.

ఈ మంచి వాక్యంలోనూ ఒక బీట ఉంది. అది బయటపడింది మన తెలుగు కంపెనీ దగ్గరే. రిజర్వు బ్యాంకు 2017లో దివాలాకి పంపమన్న తొలి పన్నెండు పెద్ద బాకీదార్లలో లాంకో ఇన్‌ఫ్రాటెక్ ఒకటి. 2018 ఆగస్టులో అది లిక్విడేషన్లోకి వెళ్లింది. ఉద్యోగులకి గ్రాట్యుటీ చెల్లించమని హైదరాబాదు ట్రైబ్యునల్ అంది. లిక్విడేటర్ అప్పీలుకి వెళ్లాడు. 2020 ఫిబ్రవరిలో అప్పీలు ట్రైబ్యునల్ చెప్పింది ఏమంటే, సెక్షన్ ఫండ్ ‘నుంచి’ రావలసిన మొత్తం అంటోంది, కంపెనీ అసలు గ్రాట్యుటీ ఫండే పెట్టలేదు, లేని ఫండ్ నుంచి తీసి ఇవ్వడం లిక్విడేటర్ పని కాదు అని. ఫండ్ పెట్టాల్సిన యజమాని పెట్టకపోతే, ఆ తప్పుకి శిక్ష ఏళ్ల తరబడి పని చేసిన ఉద్యోగికి పడింది. ‘ఫండ్ ఉన్నా లేకున్నా’ అని మూడు మాటలు పడి ఉంటే ఈ బీట ఉండేది కాదు. యజమానులు గ్రాట్యుటీకి బీమా తప్పనిసరిగా చేయించాలని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లోనే నిబంధనలు చేసింది. ఆ ప్రీమియం కట్టిన కంపెనీ మునిగితే ఉద్యోగికి ట్రైబ్యునల్ గడప ఎక్కే పనే ఉండదు. రిటైర్మెంటుకి పదేళ్లుండగా అడగాల్సిన ప్రశ్న, పాలసీ కట్టారా అన్నది. అడిగేవాళ్లు తక్కువ.

బ్యాంకు తాకట్టుని రాశిలో కలపకుండా తనంతట తను అమ్ముకుంటే ఇంకో లోటు. పాత చట్టంలో ఆ అమ్మకంలో కూడా కార్మికుడి వాటా వెంటబడి వచ్చేది. కొత్త స్మృతి కింద అది లేకుండా చేస్తూ 2013 కంపెనీల చట్టంలో 327వ సెక్షన్‌కి ఒక ఉపసెక్షన్ చేర్చారు. 2023 మేలో సుప్రీంకోర్టు అది చెల్లుతుందంది. నా దృష్టిలో ఇక్కడ ఉలి జారింది.

వరసకి బయట నిలబెట్టే పనితనం సరఫరాదారుడికీ ఉంది. దివాలా స్మృతి దాకా రానక్కర్లేదు. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం తీస్తే చాలు. డబ్బు రాని అమ్మకందారు సరుకు తన చేతిలో ఉన్నంత వరకూ కదలనివ్వక్కర్లేదు. లారీ ఎక్కించేశాక కొనుగోలుదారు చేతులెత్తేశాడని తెలిస్తే దారిలోనే ఆపించొచ్చు. ఆ చట్టంలో చేతులెత్తేయడానికి కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు, బాకీలు మామూలుగా తీర్చడం మానేస్తే చాలు. తొంభై ఏళ్లు దాటిన ఈ నిర్వచనాన్ని చదివితే రాసినవాడు బజారులో తిరిగినవాడనిపిస్తుంది. కడియం లారీ ఇంకా జడ్చర్ల దాటకముందే డ్రైవరుకి ఫోను చేసే హక్కు అది. సరుకు దిగిపోయిందో, ఆ హక్కు అక్కడితో సరి.

దిగాక కూడా అన్ని మొక్కలూ ఒకటి కావు. ఆఫీసు రిసెప్షన్లో నెలవారీ అద్దెకి పెట్టిన అరెకా పామ్ కుండీలు నర్సరీవే. వాడుకోవడానికే తప్ప సొంతం చేసుకోవడానికి ఇవ్వని ఆస్తి అని 36లోనే ఇంకో వరసలో ఉంది, లిక్విడేటర్ తిరిగివ్వాలి. అమ్మేసిన కుండీ మొక్కల విషయంలో, పూర్తి డబ్బు ముట్టేదాకా సొంతదారు నేనే అని బిల్లు మీద ముందే రాసి ఉంటే వాదించుకోవడానికి ఒక కాగితం ఉంటుంది. గుంట తవ్వి నాటేసిన రాయల్ పామ్ సంగతి వేరు. వేరుతో నేలలో పాతుకున్న చెట్టుని ఆస్తి బదిలీ చట్టం నేలకి అంటుకున్నదానిగా లెక్కిస్తుంది. నేల బ్యాంకు తాకట్టులో ఉంటే చెట్టూ దాంతోనే వేలానికి వెళుతుంది, బిల్లు ఆరో మెట్టు మీద ఉంటుంది. అందుకే పెద్ద చెట్లకి మాత్రం నాటే ముందే మొత్తం తీసుకోవాలి. మాల్ యజమాని ఎంత పెద్దమనిషైనా సరే.